లారీ రిపేరు సొంతంగా: 4వ పాఠం – ప్రొపెల్లర్ షాఫ్ట్ అదురు

పోయిన పాఠంలో క్లచ్ నుంచి గేర్‌బాక్స్ మౌంటింగుల దాకా వచ్చాం. ఈసారి గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే పళ్లెం) నుంచి హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) లోపలి క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాల దాకా వెళ్దాం. ఈ రెండు చోట్ల మధ్య తిరిగే పొడవాటి గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్ట్. ఉదాహరణకి రెండు ముక్కల షాఫ్ట్, మధ్యలో దాన్ని పట్టి ఉంచే సెంటర్ బేరింగ్, 10.00–20 టైర్లు ఉన్న మామూలు లోడ్ లారీని తీసుకుందాం.

"బండి అదురుతోంది" అని డ్రైవర్ అనగానే కిందికి దూరి క్రాస్‌లు (షాఫ్ట్ కోణంలో తిరగడానికి కీళ్లలా పనిచేసే ప్లస్ ఆకారపు ముక్కలు) మార్చేయడం చాలా షెడ్లలో అలవాటు. క్రాస్ నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేస్తే, అదీ తొందరగానే పోతుంది. ఓనరు డబ్బు రెండుసార్లు పోవడం న్యాయం కాదు. అందుకే స్పానర్ పట్టే ముందు తేల్చాల్సింది ఒక్కటే: ఈ అదురు దేన్ని బట్టి మారుతోంది? ఇంజిన్ స్పీడునా, బండి స్పీడునా, లాగుడునా?

డ్రైవర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద బండి నడపండి. అదురు ఏ స్పీడులో వస్తోందో రాసుకోండి. అదే స్పీడులో ఒక గేరు తగ్గించి మళ్లీ చూడండి. బండి స్పీడు మారలేదు, ఇంజిన్ స్పీడు పెరిగింది. అదురు అలాగే ఉంటే ఇంజిన్, క్లచ్ మీద అనుమానం చాలావరకు తీరిపోయినట్టే. గేర్‌బాక్స్ వెనక నుంచి చక్రాల దాకా వెతకాలి. తర్వాత యాక్సిలరేటర్ వదిలేయండి. వదలగానే అదురు తగ్గితే షాఫ్ట్ కోణాలనో, హౌసింగ్‌ని పట్టి ఉంచే భాగాలనో అనుమానించాలి. వదిలినా తగ్గకపోతే బ్యాలెన్స్, టైర్లు, రిమ్ములు చూడాలి. ఆ స్పీడులో న్యూట్రల్ వేసి చూడడం కూడా ఒక పద్ధతే, కాని దిగుడు రోడ్డు మీద ఎప్పుడూ వద్దు. ఇంజిన్ మాత్రం ఆపకండి. బ్రేకులకి గాలి ఇచ్చే ఎయిర్ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ దాని మీదే నడుస్తాయి.

ఇప్పుడు కొంచెం లెక్క. ఈ టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 3.2 మీటర్లు కదులుతుంది. గంటకి 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు. అంటే చక్రం నిమిషానికి దాదాపు 310 చుట్లు, సెకనుకి అయిదు. హౌసింగ్ రేషియో 6 (చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఆరు చుట్లు) అనుకుంటే షాఫ్ట్ నిమిషానికి సుమారు 1,870 చుట్లు, సెకనుకి 31 తిరుగుతుంది. టైరులో లోపముంటే సీటు, స్టీరింగ్ మెల్లగా ఊగుతాయి. ఆ ఊపుల్ని లెక్కపెట్టొచ్చు. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే చుట్టుకి ఒక దెబ్బ, అంటే సెకనుకి 31. దాన్ని లెక్కపెట్టలేం, కానీ అద్దంలో బొమ్మ చెదిరిపోతుంది. క్రాస్ కోణం తప్పితే చుట్టుకి రెండు దెబ్బలు, సెకనుకి 62. అది అదురు కన్నా హోరులా, కాళ్ల కింద రేకులో జిల్లుమన్నట్టు తెలుస్తుంది. ఈ మూడింటి తేడా ఒంటికి పట్టిందంటే సగం పని అయిపోయినట్టే.

ఇక కిందికి వెళ్దాం. బండి చదును నేల మీద ఉండాలి, తాళంచెవి మీ జేబులో ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ముందు చేతులు పెట్టకుండా చూడండి. షాఫ్ట్ ట్యూబుకి సొట్ట ఉందా? బ్యాలెన్స్ కోసం అతికించిన ముక్క ఊడిపోయి వెల్డింగ్ మచ్చలు మాత్రం మిగిలాయా? మట్టి గడ్డకట్టి ఒక పక్క అంటుకుని ఉందా? మట్టి గీకేస్తేనే అదురు పోయిన బండ్లు ఉన్నాయి. క్రాస్ నాలుగు చివర్ల కప్పుల దగ్గర ఎర్రటి తుప్పుపొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయి సూదులు (సన్నటి బేరింగు రోలర్లు) అరుగుతున్నట్టు.

తర్వాత షాఫ్ట్‌ని చేత్తో పట్టి పైకీ కిందికీ ఎత్తండి. క్రాస్‌లో చేతికి తెలిసేంత ప్లే (వదులు) ఉంటే మార్చాల్సిందే. స్ప్లైన్‌లో (షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జారే గాళ్ల జాయింటులో) ఊగుతోందా చూడండి. సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగి ఉంటే, లోడుతో బండి కదిలేటప్పుడు వచ్చే కుదుపుకి అది కారణం కావచ్చు. పినియన్ ఫ్లాంజ్‌ని పైకీ కిందికీ కదిపి చూడండి. కదిలితే పినియన్ బేరింగు పోయినట్టు, అక్కడ ఆయిల్ సీల్ కారుతుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

గేరు మార్చినప్పుడు 'ఠక్' మంటుందన్న ఫిర్యాదు ఉంటే, షాఫ్ట్‌ని అటూ ఇటూ తిప్పండి. క్రాస్‌కి ఒక పక్క యోక్ (క్రాస్‌ని పట్టుకునే రెండు కొమ్ముల ముక్క) కదిలి, రెండో పక్కది కదలకపోతే ప్లే క్రాస్‌లో ఉంది. రెండూ కలిసి కదిలి, చక్రం మాత్రం ఉలకకపోతే ఆ ఖాళీ హౌసింగ్ లోపలిది.

ఎక్కువమంది చూడకుండా వదిలేసేది కోణాలు. క్రాస్ ఏ కొంచెం కోణంలో తిరిగినా దాని తర్వాతి షాఫ్ట్ చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. అవతలి క్రాస్ అదే కోణంలో ఉండి, షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు ఒకే వరసలో ఉంటే ఆ హెచ్చుతగ్గులు ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. స్ప్లైన్ విప్పి గుర్తు చూడకుండా బిగిస్తే ఆ వరస తప్పుతుంది. బాణం గుర్తులు లేకపోతే విప్పే ముందే మీరు పెయింట్‌తో గీత పెట్టుకోండి.

వెనక షాఫ్ట్‌నే చూద్దాం. దాని ముందున్న షాఫ్ట్ వెనక్కి 4 డిగ్రీలు వాలి ఉంది, వెనక షాఫ్ట్ 6, పినియన్ 4. రెండు క్రాస్‌ల దగ్గరా తేడా 2 డిగ్రీలే కాబట్టి ఇది బాగుంది. కమాన్ పట్టీల కింది వాలు ముక్క (వెడ్జ్) జారో, హౌసింగ్‌ని పట్టి ఉంచే టార్క్ రాడ్ బుష్ అరిగో పినియన్ 1 డిగ్రీకి వస్తే వెనక క్రాస్ కోణం 5 అవుతుంది. ఇక ఎన్ని కొత్త క్రాస్‌లు వేసినా అవి నలిగిపోతాయి. రెండు కోణాల తేడా ఒక డిగ్రీ దాటకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. మీ మోడల్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. కోణం సున్నా కావడమూ మంచిది కాదు, సూదులు కదలక ఒకే చోట గుంటలు పడతాయి. యాంగిల్ గేజ్ ఉంటే పని అయిదు నిమిషాలది. అదురు లోడు మీదే వస్తుంటే లోడుతోనే కొలవండి.

షాఫ్ట్ విప్పాల్సి వస్తే ఒక జాగ్రత్త. విప్పాక బండి గేరులో ఉన్నా ఆగదు. చెక్కలు తీయకండి. బరువైన షాఫ్ట్‌ని ఒక్కరే దించకండి. బిగించేటప్పుడు ఫ్లాంజ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించి, గ్రీజ్ గన్‌తో నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. మూడింట వచ్చి ఒకదాంట్లో రాకపోతే ఆ క్రాస్‌కి గ్రీజు కొట్టే పని ఇంకా పూర్తి కానట్టే.

ఈ వారం అభ్యాసం: అదురు లేని బండికే పైన చెప్పిన పరీక్షలన్నీ చేసి, కోణాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో హౌసింగ్ మూత విప్పి, క్రౌన్ పళ్లకి రంగు పూసి పినియన్ ఎక్కడ తాకుతోందో చూద్దాం.