కరెంటూ సూదంటురాయీ – 3వ పాఠం: తీగ కింద సూది

పోయిన పాఠంలో కుట్టుసూదిని అయస్కాంతం మీద ఒకే వైపుకి నలభైసార్లు రుద్దమన్నాను. ఆ సూదిని థర్మోకోల్ ముక్క మీద పెట్టి నీళ్లలో వదిలితే కాసేపు ఊగి ఉత్తర దక్షిణాలుగా నిలబడాలి. అలా నిలబడకుండా అంచుకు పోయి అతుక్కుంటోందంటే గిన్నె మరీ చిన్నదన్నా అయ్యుండాలి, స్టీలుదన్నా అయ్యుండాలి. స్టీలు గిన్నెల్లో కొన్నిటికి అయస్కాంతం అంటుకుంటుంది, అలాంటివి ఈ పనికి రావు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. ఉత్తరం చూసే కొనకి కాస్త గోళ్లరంగు పూయండి, ఇవాళ అవసరం పడుతుంది.

రుద్దిన ఇంకో సూదిని రెండుగా విరిచి చూడమని కూడా చెప్పాను. విరిచినవాళ్లకి తెలిసే ఉంటుంది, ఏ ముక్కకి ఆ ముక్కకే మళ్లీ ఉత్తరం, దక్షిణం రెండూ వచ్చేస్తాయి. ఎన్ని ముక్కలు చేసినా ఒంటి ధ్రువం మిగలదు.

ఇవాళ్టి పాఠానికి అయస్కాంతమే అక్కర్లేదు. ఒక పెన్సిల్ సెల్లు, నాలుగంగుళాల ఇనప మేకు, గుప్పెడు గుండుసూదులు, రాగి తీగ ఉంటే చాలు. తీగ కోసం మోటారు వైండింగ్ షాపుకి వెళ్లి 26 గేజి అడగండి. బరువు లెక్కన ఇస్తారు. 20 మీటర్లు 30 గ్రాములు తూగుతుంది, వచ్చే పాఠానికి కూడా సరిపోతుంది. ఒక్క మాట ముందే చెప్పాలి: గోడ ప్లగ్గు, ఫోను బ్యాటరీ, బండి బ్యాటరీ, ఈ మూడింటి జోలికీ పోకండి. పెన్సిల్ సెల్లుకి కూడా తీగ నాలుగైదు సెకన్ల కంటే ఎక్కువ తగిలించి ఉంచకండి. తీగలో అడ్డేమీ లేదు కాబట్టి సెల్లు గబగబా వేడెక్కుతుంది.

మీటరు తీగ కత్తిరించి రెండు కొసలూ గరుకు కాగితంతో గీకండి. నీళ్లలో సూది నిలకడగా ఉన్నప్పుడు తీగని దానికి సరిగ్గా పైన, సెంటీమీటరు ఎత్తున, సూది ఎటుంటే అటే సాగదీసి పట్టుకోండి. ఇంకొకరిని కొసలు సెల్లుకి తాకించమనండి. సూది పక్కకి తిరుగుతుంది! తీయగానే మళ్లీ ఉత్తరానికి వచ్చేస్తుంది. సెల్లుని తిరగేసి తాకిస్తే రెండో వైపుకి తిరుగుతుంది.

1820లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ చూసింది ఇదే. ఆ జూలైలో లాటిన్‌లో నాలుగు పేజీలు అచ్చు వేయించి యూరప్‌లోని పండితులకి పంపాడు. కరెంటు వేరు, సూదంటురాయి వేరు అనుకుంటున్న రోజులవి. సెప్టెంబరులో ప్యారిస్‌లో ఆ కబురు విన్న ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ కొద్ది రోజుల్లోనే ఇంకో అడుగు వేశాడు. పక్కపక్కన ఉన్న రెండు తీగల్లో కరెంటు ఒకే వైపుకి పోతే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయనీ, ఎదురెదురుగా పోతే తోసుకుంటాయనీ చూపించాడు. అక్కడ ఇనుము ముక్క కూడా లేదు, ఉన్నవి రెండు రాగి తీగలే.

సూది ఎటు తిరుగుతుందో ముందే చెప్పడం నేర్చుకోవాలి. కుడిచేత్తో తీగని పట్టుకున్నట్టు ఊహించుకోండి. బొటనవేలు కరెంటు పోయే వైపుకి, అంటే సెల్లు ప్లస్ నుంచి మైనస్‌కి పోయే దారిలో చాచండి. మిగతా వేళ్లు తీగ చుట్టూ ఎటు ముడుచుకుంటే అయస్కాంత క్షేత్రం, అంటే సూదిని తిప్పే ఆ ప్రభావం, అటు తిరుగుతుంది. కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ తీగ సూదికి పైన ఉంటే రంగు పూసిన కొన పడమరకి పోతుంది. అదే తీగని టబ్బు అడుగున పెడితే తూర్పుకి పోతుంది. ఈ రెండూ చేసి చూడందే ముందుకు పోకండి. తీగని తూర్పు పడమరలుగా పట్టుకుని "ఏమీ కదల్లేదండీ" అనేవాళ్లు చాలామంది. అలా పట్టుకుంటే తీగ క్షేత్రం కూడా ఉత్తర దక్షిణాలుగానే ఉంటుంది, సూదికి పక్కకి తిరగాల్సిన పని ఉండదు.

ఎంత తిరుగుతుందో కూడా లెక్క కట్టొచ్చు. కరెంటుని ఆంపియర్లలో, క్షేత్రం బలాన్ని మైక్రోటెస్లాల్లో కొలుస్తారు. ఒక ఆంపియర్ కరెంటు పోయే తీగకి సెంటీమీటరు దూరంలో క్షేత్రం 20 మైక్రోటెస్లాలు. సూదిని ఉత్తరానికి నిలబెట్టే భూమి క్షేత్రం మన వైపు సుమారు 40. రెండు ఆంపియర్లు పోతే తీగ బలం భూమి బలంతో సమానమవుతుంది, సూది అటూ ఇటూ కాకుండా సగానికి, 45 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అంటే వాయవ్యానికో ఈశాన్యానికో. పెన్సిల్ సెల్లుతో భూమిని సగానికి సగం గెలిచామన్నమాట. ఈ లెక్క నాకు మొదటిసారి అర్థమైన రోజు పొద్దుగూకే దాకా ఆ టబ్బు దగ్గరే కూర్చున్నాను.

అయితే ఒక్క తీగ బలంతో గుండుసూది కూడా లేవదు. అందుకే తీగని చుట్టలు చుట్టాలి. ప్రతి చుట్టా తన వంతు బలం కలుపుతుంది, మధ్యలో ఇనుము ఉంటే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1825లో ఇంగ్లండ్‌లో విలియం స్టర్జన్ గుర్రపు నాడాలా వంచిన ఇనప కడ్డీకి వార్నిష్ పూసి, దాని మీద రాగి తీగ చుట్టి, కడ్డీ బరువుకి ఎన్నో రెట్ల బరువు ఎత్తి చూపించాడు. ఆయన తీగకి తొడుగు లేదు. ఒక చుట్టు ఇంకో చుట్టుకి తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది కాబట్టి ఎడం ఎడంగా చుట్టాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే తొడుగు వేసి, వరస మీద వరస చుట్టేశాడు. వైండింగ్ షాపు తీగ మీద మెరిసే పూత ఆ తొడుగు పనే చేస్తుంది.

మొదట్లో నన్ను ఏడిపించింది కూడా ఆ పూతే. మేకు మీద వంద చుట్లు శ్రద్ధగా చుట్టాను, ఒక్క గుండుసూదీ లేవలేదు. సెల్లు మార్చాను, మేకు మార్చాను. కొసలు గీకలేదని తట్టేసరికి రెండు గంటలు పోయాయి. రాగి రంగులో మెరుస్తుంటే అది రాగే అనుకున్నాను మరి.

మీరు ముందు 50 చుట్లు చుట్టి ఎన్ని గుండుసూదులు లేస్తాయో లెక్కపెట్టండి. తర్వాత అదే వైపుకి ఇంకో 50 చుట్టండి. పొరపాటున ఎదురు వైపుకి చుట్టారా, రెండో 50 మొదటి 50 బలాన్ని తినేస్తాయి. కరెంటు తీశాక సూదులు దాదాపు అన్నీ రాలిపోవాలి. మేకు మెత్తటి ఇనుము, దానికి అయస్కాంతం నిలవదు. కుట్టుసూది గట్టి ఉక్కు, దానికి నిలుస్తుంది.

ఈ రాలిపోయే గుణమే బోరు మోటారు స్టార్టరులో పనికొస్తుంది. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్‌కి, అంటే తీగ చుట్టకి, కరెంటు అంది, అది ఇనప దిమ్మని ఠక్కున లాగి మోటారుకి దారి కలుపుతుంది. వేలు తీసినా కాయిల్ ఆ పట్టు వదలదు. కరెంటు పోయిందా, స్ప్రింగు దిమ్మని వెనక్కి తోసేస్తుంది. తిరిగి వచ్చినా, ఆటో స్టార్టరు పెట్టించుకుంటే తప్ప, ఎవరో ఒకరు పోయి నొక్కాల్సిందే. లో వోల్టేజీ రోజుల్లో పెట్టె టకటక కొట్టుకునేది కూడా ఇందుకే: కాయిల్ బలం, స్ప్రింగు బలం దాదాపు సరిసమానమై ఏదీ నెగ్గదు.

అన్నట్టు, వోల్టేజీ సరిగ్గా ఉన్నా ఆ కాయిల్‌కి ఒక ఇబ్బంది ఉంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి కాయిల్ బలం సెకనుకి 100 సార్లు సున్నాకి పడుతుంది. పడినప్పుడల్లా దిమ్మ జారిపోవాలి కదా? జారిపోకుండా ఇనుము మొహం మీద చిన్న రాగి ఉంగరం బిగిస్తారు. పాడైపోయి పక్కన పడేసిన స్టార్టరు కాయిల్ మెకానిక్ దగ్గర దొరికితే అడిగి చూడండి, కనిపిస్తుంది. ఆ ఉంగరంలో కరెంటు పారుతుంది, కాయిల్ బలం పడిపోయిన క్షణంలో ఆ ఉంగరం బలమే దిమ్మని పట్టి ఉంచుతుంది. దానికి ఏ తీగా తగిలించి ఉండదు. మరి కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది?

వచ్చే పాఠానికి రెండు సెంటీమీటర్ల లావు ప్లాస్టిక్ గొట్టం మీద 200 చుట్లు చుట్టి ఉంచండి. ఎవరి దగ్గరన్నా కరెంటు కొలిచే, ముల్లు కదిలే పాతకాలం మీటరు ఉంటే అడిగి తెచ్చుకోండి. ఈసారి సెల్లు అక్కర్లేదు, అయస్కాంతం కావాలి.