సంక్రాంతి సెలవులకు కుటుంబంతో దుబాయ్: టికెట్లు కొనేముందే ఇవి చూసుకోండి

అన్నిటికన్నా ముందు పాస్‌పోర్టుల్లో పేర్లు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద ప్రవేశం లేదని యూఏఈ 2022 నవంబరులో నిబంధన పెట్టింది. చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తర్వాత సడలించారు. మన ఇళ్లలో పెద్దవాళ్ల పాస్‌పోర్టులే ఎక్కువగా ఇలా ఉంటాయి. ఎయిర్‌లైన్‌ను ముందే అడగండి. కౌంటర్ దగ్గర ఒక్కరిని ఆపినా ఇంటిల్లిపాది ప్రయాణం ఆగిపోతుంది.

గసగసాలు వద్దే వద్దు, మసాలా పొడిలో కలిపినవైనా సరే. అక్కడ అవి మాదకద్రవ్యాల లెక్క. జైలు దాకా పోతుంది. సామాను సర్దే అమ్మకు ఈ మాట విడిగా చెప్పండి.

కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలకు ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలకు డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి.

బుర్జ్ ఖలీఫా సూర్యాస్తమయ సమయం టికెట్లు ముందే తీసుకోండి, త్వరగా అయిపోతాయి.

ఎడారి సఫారీ రోజు మధ్యాహ్నం తేలిగ్గా తినండి. ఇసుక దిబ్బల మీద జీపు కుదుపులకు పిల్లలు కక్కుకుంటారు, రాత్రి క్యాంపులో వేడివేడి కబాబులు ముట్టరు. గర్భిణులను, నడుంనొప్పి ఉన్నవాళ్లను నేరుగా క్యాంపుకే తీసుకెళ్లమనండి.

మెట్రోలో తినకూడదు, తాగకూడదు. జరిమానా 100 దిర్హాములు.

చిల్లర దిర్హాములు ఉంచుకోండి, పాత దుబాయ్ మధ్యలోంచి పోయే సముద్రపు పాయ క్రీక్. దాన్ని దాటించే అబ్రా పడవకు కావాలి. అవతల దేరా అనే పాత బజారు ప్రాంతం వైపు దిగాక, నూనెలో వేయించి ఖర్జూరపు పాకం పోసిన పిండి ఉండలు, లుకైమాత్, తప్పక తినండి.