బండి గుంజుతలేదా? క్యారవాన్ టర్బో విప్పే ముందు ఎలా చెక్ చేయాలి?

డీజిల్ వ్యాన్‌లో మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించి క్యారవాన్ చేసుకున్న బండ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటాయి. మేడారం జాతరకో, ఎండాకాలం సెలవులకో బయటికి తీస్తారు. హన్మకొండలో తిరిగినంతసేపు ఏ తేడా తెలియదు. ములుగు దాటి తాడ్వాయి అడవిలో ఎత్తు తగలగానే గేరు దించినా లోడు తీయదు. షెడ్డుకు తీసుకెళ్తే వచ్చే మొదటి మాట: "టర్బో పోయింది, మార్చాలె." ఇంజిన్ పొగ బలంతో తిరుగుతూ లోపలికి గాలిని ఒత్తిడితో తోసేదే టర్బో. షెడ్డువాళ్ల మాటకు వెంటనే తలూపకండి. చాలాసార్లు చెడేది టర్బో కాదు, దానికి తగిలించిన పైపులు. అందుకే తక్కువ ఖర్చు పనుల నుంచి మొదలుపెట్టి టర్బో దాకా రావాలి.

ముందు ఇది టర్బో సమస్యేనా?

యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. పది కిలోమీటర్లు నడిపి దిగాక ఒక్క చక్రం డ్రమ్ము మాత్రమే కాలిపోతుంటే బ్రేక్ పట్టేసింది. ఈ రెండూ కాదనుకున్నాకే పొగ చూడండి. నల్ల పొగ దండిగా వస్తుంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు. పొగ లేకుండా ఇంజిన్ లైటు వెలిగి, ఆర్‌పీఎం 2500-3000 దాటి పైకి పోకపోతే కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడటానికి డీజిల్ తగ్గించేసింది.

నీలం పొగ వస్తే మాత్రం బండి పక్కకు ఆపేయండి. టర్బో సీలు నుంచి ఆయిల్ గాలి పైపులోకి పోతుంటే ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగుతూ తాళం తీసినా ఆగకుండా పరిగెత్తే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కి, టాప్ గేరులో క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపాలి. గాలి పోయే దారికి చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు.

స్కానర్ పెట్టి అంకెలు చూడండి

బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు, అంకెలు చూపిస్తూ ఫోన్‌కు కలిసే ఈఎల్ఎం327 స్కానర్ ఉంటే చాలు. పీ0299 కోడ్ వస్తే బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, తక్కువగా ఉందని అర్థం. టర్బో మార్చమని మాత్రం కాదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) రీడింగ్ చూడండి. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి 97-98 కిలోపాస్కల్స్ దగ్గర చూపించాలి. 70 అనో 120 అనో చూపిస్తే అనుమానం సెన్సర్ మీద. దాన్ని విప్పి, మొనకు పట్టిన ఆయిల్ మసిని కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పోగొట్టండి. పుల్ల పెట్టి గోకొద్దు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1500 నుంచి 3000 ఆర్‌పీఎం దాకా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్కానర్ చూసే పని పక్క సీట్లో ఉన్నవాళ్లది. మామూలు డీజిల్ వ్యాన్లలో మ్యాప్ రీడింగ్ 200 కిలోపాస్కల్స్ దాటాలి, కొన్నింటిలో 250 దాకా పోతుంది. 100-110 దగ్గరే ఆగితే బూస్ట్ అసలు లేదు. 150 దాకా వచ్చి ఆగితే ఎక్కడో లీకు. బూస్ట్ సరిగ్గా వస్తూ రైల్ ప్రెజర్ (ఇంజెక్టర్లకు పోయే డీజిల్ ఒత్తిడి) పడిపోతుంటే టర్బోను వదిలేసి డీజిల్ ఫిల్టర్ మార్చండి.

ఎలుకలు, వాక్యూమ్ పైపులు

క్యారవాన్‌లో ముందుగా చూడాల్సింది ఇదే. లోపల వంటింటి వాసన, బయట వరి పొలాలు. నెలల తరబడి ఆగిన బండిలోకి ఎలుకలు రాకుండా ఉండవు. టర్బో యాక్చువేటర్‌కు (టర్బో లోపలి రెక్కలను కడ్డీతో కదిపే గిన్నె) పోయే సన్నని రబ్బరు పైపు వాటి పళ్లకు బాగా అలవాటు.

ఇంజిన్ చల్లారాక ఆ పైపును వాక్యూమ్ పంపు (గాలి పీల్చే పంపు) నుంచి సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో పనిచేసే వాల్వు) దాకా, అక్కడి నుంచి యాక్చువేటర్ గిన్నె దాకా వేళ్లతో తడుముతూ వెళ్లండి. కంటికి కనిపించే వైపు బాగుండి, కింది వైపు కొరికి ఉండొచ్చు. మొనల దగ్గర రబ్బరు వంచి చూడండి, ఎండకు ఎండిన పైపు వంచితేనే పగులు తెరుచుకుంటుంది. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి పంపు వైపు పైపు పీకి బొటనవేలు పెడితే గట్టిగా పీల్చాలి. గేజ్ ఉంటే 600 మిల్లీమీటర్ల పాదరసం దాటాలి.

ఇప్పుడు ఇంజిన్ ఆపి యాక్చువేటర్ పరీక్ష. మెడికల్ షాపులో దొరికే 60 మి.లీ. సిరంజికి సన్న గొట్టం తగిలించి, యాక్చువేటర్ ముక్కుకు పెట్టి పిస్టన్ వెనక్కి లాగండి. కడ్డీ మెత్తగా కదలాలి. పది లెక్కపెట్టే దాకా పట్టి ఉంచితే అక్కడే నిలబడాలి, వదిలితే టక్కున వెనక్కి పోవాలి. కడ్డీ మెల్లగా జారిపోతే లోపలి డయాఫ్రం చిరిగింది. అసలు కదలకపోతే టర్బో లోపలి రెక్కలు మసితో, తుప్పుతో పట్టేశాయి. కదలకుండా ఆగి ఉన్న బండికి ఇది మామూలే. కొన్ని టర్బోలకు వాక్యూమ్ బదులు ప్రెజర్‌తో కదిలే గిన్నె ఉంటుంది, దానికి సైకిల్ పంపుతో ఒక బార్ లోపు గాలి కొట్టి చూడాలి. మోటారుతో కదిలే రకమైతే స్కానర్‌తోనే పని.

గాలి లీకు పట్టుకోవడం

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది), అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే లావు గొట్టాలు లోడు మీద ఉబ్బుతాయి. చల్లగా ఉన్నప్పుడు పగులు మూసుకునే ఉంటుంది. అందుకే కళ్లతో చూసి "బాగానే ఉంది" అనుకుంటే మోసపోతాం.

టర్బో నోటికి సరిపోయే పీవీసీ ఎండ్ క్యాప్ తీసుకుని, దానికి రంధ్రం చేసి పంక్చర్ షాపులో దొరికే ట్యూబ్‌లెస్ నెక్ బిగించండి. ఎయిర్ ఫిల్టర్ పైపు తీసి, క్యాప్‌ను టర్బో నోటికే క్లిప్పుతో బిగించాలి. ఫిల్టర్ దగ్గరే బిగిస్తే బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా గాలి ఇంజిన్ లోపలికి పోయి ఆయిల్ సీళ్లు దెబ్బతింటాయి. పది పీఎస్ఐ గాలి చాలు, 15 దాటొద్దు. క్యాప్ ఊడి ఎగిరే అవకాశం ఉంది, ఎదురుగా నిలబడకండి.

గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి స్ప్రే కొట్టండి. గొట్టం అడుగున బ్రాకెట్‌కు రాసుకునే చోట, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియానికి కలిసే అంచున, ప్రతి క్లిప్పు కింద. లీకు ఉన్నచోట బుస్సుమని నురగ పొంగుతుంది. సైలెన్సర్ వైపు కాస్త గాలి చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి, తెరిచి ఉన్న వాల్వుల గుండా కొంత పోతూనే ఉంటుంది.

గొట్టం లోపల పలచగా ఆయిల్ తడి ఉండటం తప్పు కాదు. బిగించే ముందు మాత్రం రెండు మొనలూ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరబెట్టాలి, జిడ్డు మీద బిగించిన గొట్టం మొదటి ఎత్తులోనే ఊడుతుంది. సిలికాన్ గొట్టానికి టీ-బోల్ట్ క్లాంపు వేయండి, మామూలు క్లిప్పు దాన్ని కోస్తుంది. అడవి మధ్యలో పగిలితే పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి బిగుతుగా చుట్టి, 2000 ఆర్‌పీఎం దాటకుండా ఊరు చేరుకోవచ్చు. ఎం-సీల్ ఆ వేడి, ఆ కదలిక తట్టుకోదు.

మిగిలినవి

వరి కోతల దుమ్ము, పత్తి లారీల వెనక దూది, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి: ఎయిర్ ఫిల్టర్ ఇక్కడ కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే నిండుతుంది. ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసితో తెరుచుకుని ఉండిపోతే నల్ల పొగ, ఐడిల్ వణుకు రెండూ వస్తాయి. మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర మసి చారలు, టిక్ టిక్ చప్పుడు ఉంటే టర్బో తిప్పాల్సిన పొగ ముందే బయటికి పోతోంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) ఉంటే, దాని మసి లోడు స్కానర్‌లో చూడండి.

ఇవన్నీ బాగుంటేనే టర్బో మీద చెయ్యి వేయండి. షాఫ్టును వేళ్లతో పట్టుకోండి. అటూ ఇటూ కొద్దిగా కదలడం మామూలే, ముందుకూ వెనక్కూ కదలిక తెలియకూడదు. రెక్కల అంచులు విరిగినా, గోడకు రాసిన గీతలు ఉన్నా మార్చక తప్పదు. మార్చేటప్పుడు ఆయిల్ ఫీడ్ పైపు కూడా కొత్తది వేయించండి. పాత పైపులో మాడిన ఆయిల్ పేరుకుని ఉంటే కొత్త టర్బో కూడా ఆయిల్ అందక అలాగే పోతుంది. బిగించాక ఫీడ్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, డీజిల్ ఆపి కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టాకే స్టార్ట్ చేయాలి.

పని అయ్యాక కోడ్ చెరిపి, ముందు వెళ్లిన రోడ్డు మీదే, అదే గేరులో మళ్లీ తొక్కి అంకెలు పోల్చండి. వంద కిలోమీటర్లు తిరిగాక క్లాంపులు ఇంకోసారి బిగించండి, కొత్త గొట్టం వేడికి కాస్త సర్దుకుంటుంది.