కిట్ కారుకు సాఫ్ట్ టాప్ బిగించే ముందు జాగ్రత్తలు

కిట్ కారు అంటే విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే కారు; సాఫ్ట్ టాప్ అంటే దానికి వేసే వినైల్ (ప్లాస్టిక్ పూత గుడ్డ) పైకప్పు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు తరహాలో బ్రిటన్‌లో ఇళ్ల గ్యారేజీల్లో తయారయ్యే కార్లు ఏ రెండూ అచ్చంగా ఒకే కొలతకు రావు కాబట్టి, టాప్‌ను బాడీకి పట్టి ఉంచే టిచ్ బటన్ల రంధ్రాలు ముందే వేసి రాకపోవడాన్ని లోపంగా భావించకూడదు.

ముందు అద్దం ఫ్రేము, టాప్‌ను మోసే కమ్మీలు, పక్క తలుపులు తమ తుది స్థానాల్లో గట్టిగా బిగిసి ఉండాలి. తర్వాత వీటిలో ఏది కదిలినా కొలతలన్నీ తప్పుతాయి.

వినైల్ చలికి బిగుసుకుపోతుంది. దాదాపు 20 డిగ్రీల వెచ్చదనంలో కొన్ని గంటలు పరచి, మడతలు సాగాకే పని మొదలుపెట్టాలి. చలిలో బిగిస్తే ఎండ తగలగానే వదులై, వేగంలో గాలికి టపటపా కొట్టుకుంటుంది.

టాప్ మీదా బాడీ మీదా నడిమి గీతలు సుద్దతో గుర్తించాలి. పెన్ను సిరా వినైల్‌లోకి ఇంకితే ఇక పోదు. మధ్య నుంచి అంచులకు, ఇద్దరు చెరో పక్క సమానంగా లాగుతూ, ముందు టేపుతోనే నిలిపి చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది డ్రిల్లింగ్. ఈ కార్లలో పెట్రోలు ట్యాంకు సాధారణంగా వెనకే ఉంటుంది గనుక, రేకు వెనక ట్యాంకు, పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూసి, బ్యాటరీ కనెక్షన్ తీసి, డ్రిల్ బిట్ లోతుగా దిగకుండా దానికి టేపు చుట్టి గానీ రంధ్రం వేయకూడదు. ఒకేసారి అన్నీ వేసేయాలన్న తొందర అసలే వద్దు: ఒక్కో బటన్ బిగించాక బిగువు చూసి, తర్వాతి గుర్తును అవసరమైతే సవరించుకోవాలి.