ఆ చేప ముక్క ఏ జాతిది? డీఎన్‌ఏతో తేల్చడం ఎలా?

గోదావరి జిల్లాల్లో వానాకాలం వచ్చిందంటే పులస గొడవ మొదలవుతుంది. పుస్తెలు అమ్మయినా పులస తినాలంటారు కానీ, వేలు పోసి కొన్నది అసలుదేనా అన్న అనుమానం మాత్రం కూర దించేదాకా వదలదు. చేప మొత్తంగా ఉంటే పట్టేవాళ్లు తల, పొలుసు చూసి చెప్పేస్తారు. ముక్కలు కోశాక ఏమిటి దారి? డీఎన్‌ఏ చెబుతుంది. పులస విషయంలో మాత్రం అది ఒక మెలిక పెడుతుంది, ఆ సంగతి తర్వాత చూద్దాం.

కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం 2003లో ఒక ప్రతిపాదన చేసింది. జంతువులన్నిటి మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగం) సీఓఐ అనే జన్యువు ఉంటుంది. అందులో సుమారు 650 అక్షరాల (డీఎన్‌ఏలోని ఎ, టి, జి, సి) ముక్క చదివితే చాలు, జంతువు ఏ జాతిదో చాలావరకు తెలిసిపోతుంది. ఒకే జాతిలో ఆ ముక్క దాదాపు ఒకేలా ఉంటుంది, జాతి మారితే అక్షరాలు మారతాయి. దీన్నే డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అంటున్నారు. ఈ పనిలో మొదటి మెట్టు, చివరి మెట్టు ఎవరైనా ఎక్కొచ్చు. మధ్యలో మాత్రం ల్యాబ్ కావాలి. దగ్గర్లోని కాలేజీ బయోటెక్నాలజీ విభాగాన్ని అడిగి చూడండి.

శాంపిల్ తీయడం

పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మార్కెట్లో ఒకే కత్తిపీట మీద పది రకాల చేపలు కోస్తారు. ముక్క పైభాగం గీకి తీశారంటే పక్క చేప డీఎన్‌ఏ కూడా వచ్చేస్తుంది. అందుకని కొత్త బ్లేడుతో పైపొర తీసేసి, లోపలి కండలోంచి బియ్యపు గింజంత తీయండి. ఒక్కో చేపకి ఒక్కో బ్లేడు వాడాలి. ఆ గింజని 95 శాతం ఇథనాల్ నింపిన చిన్న ట్యూబులో వేయండి. కండలోని నీరు ఆల్కహాల్‌ని పలచన చేస్తుంది కాబట్టి మర్నాడు పాతది వంపేసి కొత్తది పోయాలి. ఫార్మాలిన్ మాత్రం వద్దు, అందులో నానితే డీఎన్‌ఏ చదవడం గగనమే. పులుసులో ఉడికిన ముక్కతోనూ కష్టమే. వేడి, చింతపండు పులుపు కలిసి డీఎన్‌ఏని తునకలు చేస్తాయి.

లేబుల్ పెన్సిల్‌తోనే రాయండి. నేను మొదటిసారి జెల్ పెన్నుతో రాశాను. ఇంటికొచ్చి చూస్తే పన్నెండు ట్యూబుల్లో లేత నీలం ఆల్కహాల్, పన్నెండు తెల్ల కాగితాలు! తేదీ, చోటు, కొన్న పేరు, ముక్కలు కోయకముందు తీసిన చేప ఫొటో, ఇవన్నీ శాంపిల్‌తో పాటే ఉండాలి.

చేప మార్కెట్లో కొన్నదైతే ఇబ్బంది లేదు. కోరింగ, కొల్లేరు లాంటి అభయారణ్యాల్లో సేకరించాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

ల్యాబ్‌లో

కండని ప్రొటీనేజ్ కె అనే ఎంజైముతో 56 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే కరిగిపోతుంది. అందులోంచి డీఎన్‌ఏని వేరుచేస్తారు. తర్వాత పీసీఆర్, అంటే కావలసిన ముక్కకి నకళ్లు తీయడం. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. 94 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ రెండు పోగులూ విడిపోతాయి, 54 దగ్గర ప్రైమర్లు (నకలు ఎక్కణ్నుంచి మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు) అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పోగు అల్లుకుంటుంది. ప్రతిసారీ రెట్టింపవుతూ ఇలా 35 సార్లు జరిగితే, లెక్క ప్రకారం ఒక్క ముక్క 3,400 కోట్లకు పైగా అవుతుంది. పొరపాటున పడిన పరాయి డీఎన్‌ఏ కూడా అలాగే పెరుగుతుంది. అందుకే శాంపిల్ వేయని ఖాళీ ట్యూబు ఒకటి పక్కనే నడపాలి. పీసీఆర్ అయ్యాక డీఎన్‌ఏని జెల్ పలక మీద నడిపితే గీతలా కనిపిస్తుంది. ఖాళీ ట్యూబు వరసలో కూడా గీత కనిపిస్తే మొహమాటపడకుండా అంతా పారేసి మళ్లీ మొదలుపెట్టడమే.

గీత సరిగ్గా వస్తే సీక్వెన్సింగ్‌కి, అంటే అక్షరాలు వరసగా చదివించడానికి, పంపండి. రెండు వైపుల నుంచీ చదివించండి.

అక్షరాలు చదవడం

తిరిగొచ్చే ఫైలులో ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు చొప్పున నాలుగు రంగుల శిఖరాలు కనిపిస్తాయి. మొదట్లో, చివర్లో గజిబిజిగా ఉంటాయి, వాటిని కత్తిరించేయండి. మిగిలిన అక్షరాలని ప్రొటీన్‌గా మార్చి చూడండి. సీఓఐ పనిచేసే జన్యువు కాబట్టి మధ్యలో స్టాప్ సంకేతం (ప్రొటీన్ అక్కడితో ఆగాలని చెప్పేది) రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో చదవడంలో తప్పు జరిగినట్టు, లేదా కణకేంద్రకంలోకి వలసపోయిన పాత నకలు దొరికినట్టు.

ఇక ఆ అక్షరాలని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లోని బ్లాస్ట్ అనే వెతికే సాధనంలోనూ, బోల్డ్ అనే బార్‌కోడ్‌ల డేటాబేస్‌లోనూ పెట్టి వెతకండి. రెండూ ఉచితమే. చేపల్లో 98, 99 శాతం పోలిక వస్తే సాధారణంగా అదే జాతి అనుకుంటారు. అయితే మొదటి వరస చూసి సంబరపడిపోవద్దు. బ్లాస్ట్ వెతికే జెన్‌బ్యాంక్ డేటాబేస్‌లోకి ఎవరైనా సీక్వెన్స్ పంపొచ్చు, పంపినవాళ్లే జాతిని తప్పుగా గుర్తించి ఉండొచ్చు. మొదటి పది ఫలితాలూ ఒకే పేరు చెబుతున్నాయా, పోలిక మొత్తం పొడవునా ఉందా అన్నది చూడండి. 92 శాతం దగ్గర ఆగిపోతే మీ జాతి డేటాబేస్‌లో లేదని అర్థం చేసుకోవాలి. దగ్గరి పేరు తగిలించడం మాత్రం తప్పు.

ఇప్పుడు పులస మెలిక. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే పులస. రెండూ టెన్యులోసా ఇలిషా అనే ఒకే జాతి. బార్‌కోడ్‌కి రెండూ ఒకటే. దాని చుట్టమైన టెన్యులోసా టోలీని అంటగట్టి ఉంటే దొరికిపోతుంది కానీ, బయటి నుంచి ఐసులో వచ్చిన ఇలసని పులస అని అమ్మితే ఈ పరీక్ష పట్టుకోలేదు. ఏ నీళ్లలో తిరిగిందో చెప్పడం దీని పని కాదు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. హేచరీలో బొచ్చె, శీలావతి కలిసి పుట్టిన సంకరం పిల్లని పరీక్షిస్తే తల్లి పేరే వస్తుంది. తండ్రి ఎవరో తెలియాలంటే కేంద్రకంలోని జన్యువు కూడా చదవాలి.

మొక్కలకి సీఓఐ పనికిరాదు, వాటికి ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే జన్యువులున్నాయి. పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలకి ఐటీఎస్ వాడతారు. వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం కేసుల్లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు సైటోక్రోమ్ బి జన్యువుని వాడారు. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, ఎస్.కె. వర్మ రూపొందించిన ప్రైమర్లు ఆ పనికే.

చేపని పట్టకుండానే

ఒక్క చేప కాకుండా చెరువు మొత్తం జాబితా కావాలంటే నీళ్లు చాలు. చేపలు వదిలే జిగురు, పొలుసు, మలం ద్వారా డీఎన్‌ఏ నీళ్లలో కలుస్తూనే ఉంటుంది. లీటరో రెండు లీటర్లో తీసుకుని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి పంపి, ఆ ఫిల్టర్‌ని ల్యాబ్‌కి ఇవ్వాలి. ఈ డీఎన్‌ఏ విరిగిపోయి ఉంటుంది కనుక 12ఎస్ జన్యువులో సుమారు 170 అక్షరాల చిన్న ముక్కని, ఒకేసారి వేలకొద్దీ చదివే యంత్రంలో చదువుతారు. ఏ జాతులున్నాయో తెలుస్తుంది కానీ, ఎన్ని చేపలున్నాయో లెక్కగట్టడానికి దీన్ని నమ్ముకోవద్దు.

చోటు చూసి తీయండి. చేపల మార్కెట్ కడిగిన నీళ్లు కలిసే కాలువలో సీసా ముంచారంటే, విశాఖ నుంచి ఐసు పెట్టెలో వచ్చిన వంజరం కూడా మీ ఊరి మంచినీటి చేపల జాబితాలో చేరిపోతుంది. మార్కెట్‌కి ఎగువకి నడిచి వెళ్లి తీయండి. ఇంటి నుంచి తెచ్చిన శుభ్రమైన నీళ్ల సీసా ఒకటి అక్కడే మూత తీసి, అదే పద్ధతిలో ఫిల్టర్ చేసి, మిగతావాటితో పాటు పంపండి. అందులో ఏ చేప పేరైనా వస్తే, అది మీ చేతుల మీదుగా వచ్చిందే.