పాచికల కథ – 4వ పాఠం: ముందు తీర్పు, తర్వాత పుస్తకం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలో పాత్ర వేస్తారు, తలపెట్టిన పని ఫలించిందో లేదో డైస్ తేలుస్తుంది. గత మూడు పాఠాల్లో ఆ ఆటకి పాత్రను తయారు చేసుకోవడం, డైస్ వేయడం, సన్నివేశం మొదలుపెట్టడం నేర్చుకున్నాం. ఈపాటికి ఒకటి రెండు ఆటలు ఆడేసి ఉంటారు. ఇక ఆట నడిపేవాళ్ళు, అంటే డీఎంలు, తరచూ ఇరుక్కునే చోటికి వద్దాం.

ఆదివారం భోజనాలయ్యాక డాబా మీద ఐదుగురు కూర్చుంటారు. కథ హుషారుగానే మొదలవుతుంది. గంట తిరిగేసరికి ఒకరి చేతిలో రూల్‌బుక్, ఇంకొకరి ఫోన్‌లో దాని పీడీఎఫ్. మిగతా ముగ్గురూ మరమరాలు తింటూ వాళ్ళ మొహాలు చూస్తూ ఉంటారు. చీకటి పడేవేళకి ఒక్క కొట్లాట కూడా పూర్తవదు. పై వారం ఒకరు రారు, ఆపై వారం ఇద్దరు. మంచి జట్లు ఇలాగే చెదిరిపోతాయి. అందుకే ఈ ధారావాహికలో ఈ పాఠం నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఇందులో నేర్చుకునే పని ఒక్కటే: పుస్తకం తెరవకుండా, అర నిమిషంలో, న్యాయంగా తీర్పు చెప్పడం.

ఈ తంటా మనతో మొదలైంది కాదు. 1824లో ప్రష్యా సైన్యం కోసం రైస్‌విట్జ్ అనే అధికారి మ్యాపులతో, పాచికలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆటకు నియమాలు రాశాడు. దూరాలకీ నష్టాలకీ పట్టికలు ఉండేవి. వాటితో కుస్తీ పట్టడం రానురాను అధికారులకి భారమైంది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరో ప్రష్యన్ అధికారి, పట్టికలు పక్కన పెట్టి అనుభవమున్న అంపైర్ తీర్పు మీద ఆట నడిపించవచ్చని చెప్పాడు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా యుద్ధపు ఆటల్లోంచే పుట్టింది కాబట్టి పట్టికా, అంపైరూ రెండూ దానికి వారసత్వంగా వచ్చాయి. మనలో చాలామంది ఆడే 2014 నాటి ఐదో కూర్పుకి మూడు ప్రధాన పుస్తకాలు, ఒక్కోటి మూడు వందల పేజీల పైమాటే. అయినా నియమాన్ని ఎప్పుడు పాటించాలో ఎప్పుడు మార్చాలో డీఎం నిర్ణయిస్తారని ఆ పుస్తకాల్లోనే ఉంది. ఆ అధికారం మీకు ముందే ఇచ్చేశారు.

ఇప్పుడు ఒక సన్నివేశం తీసుకుందాం. గౌతమి పాయ మధ్యలో ఒక లంక. పైనుంచి వరద దిగుతోంది. రేవులో నాటు పడవ ఒక్కటే మిగిలింది. కాస్త దూరంలో తాటాకు పాక కప్పు మీద ఒక ముసలమ్మ, ఆవిడ ఒళ్ళో మేకపిల్ల. సరంగు కొడుకు పాత్ర వేస్తున్న కుర్రాడు అంటాడు:

"అక్కా, గెడ వేసుకుంటూ పడవని పాక దాకా తీసుకెళ్తా."

ఇక్కడ చాలామంది డీఎంలు వెంటనే పుస్తకం అందుకుంటారు. పడవ నడపడం బలం కిందికి వస్తుందా, చురుకుదనం కిందికి వస్తుందా? ఏటికి ఎదురెళితే వేగం ఎంత తగ్గుతుంది? పేజీలు తిరుగుతుంటాయి, కప్పు మీద ముసలమ్మని అందరూ మర్చిపోతారు. అదే సన్నివేశాన్ని ఇలా నడిపి చూడండి:

"పాక దగ్గరికెళ్ళి ఏం చేద్దామనిరా?"

"ముసలమ్మని ఎక్కించుకుంటా. కుదిరితే మేకపిల్లని కూడా."

"మామూలు రోజైతే నీకు రోల్ అక్కర్లేదు, పడవలోనే పుట్టి పెరిగినవాడివి. ఇవాళ సుడులు తిరుగుతోంది. బలం మీద పదిహేను రావాలి. రాకపోతే పడవ పాకని దాటి కిందికి కొట్టుకుపోతుంది, నువ్వు తిరిగి వచ్చేలోగా నీళ్ళు ఇంకో గీత పెరుగుతాయి. వేస్తావా?"

"ఆగక్కా. ముందు ఈ కొబ్బరిచెట్టుకి తాడు కట్టి, తాడు వదులుతూ కొంచెం కొంచెంగా దిగితే?"

"భేష్. అయితే రెండు డైస్‌లు వెయ్యి, పెద్దది తీసుకో."

ఇందులో ఏం జరిగిందో వరసగా చూడండి. అక్క, అంటే ఇక్కడ డీఎం, మొదట అడిగింది ఏ స్కిల్ వాడతావని కాదు, ఏం కావాలని. ఆటగాడి ఉద్దేశం తెలియకుండా ఇచ్చిన తీర్పు సగం సార్లు తప్పుతుంది. తర్వాత రోల్ అవసరమా అని చూసింది. గెలిచినా ఓడినా కథ మారుతుందంటేనే డైస్ వేయించాలి. నిలకడగా ఉన్న కాలవలో పడవ నడపడానికి సరంగు కొడుకు చేత డైస్ వేయించడం వాడి పాత్రని చిన్నబుచ్చడమే. ఆ తర్వాత అంకె. తేలికైన పనికి 10, ఓ మోస్తరుకి 15, కష్టమైనదానికి 20. ఐదో కూర్పులో ఇంకా అంకెలు ఉన్నాయి గాని ఆట నడపడానికి ఈ మూడూ సరిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, డైస్ పడకముందే ఓడితే ఏమవుతుందో అక్క పైకి చెప్పేసింది. నేను దీన్ని నియమంగానే పాటించమంటాను. ముందే చెప్పిన తీర్పు మీద గొడవలు రావు. డైస్ పడ్డాక చెప్పే తీర్పు ఎంత న్యాయమైనదైనా కక్ష కట్టినట్టు కనిపిస్తుంది. పైగా ప్రమాదమేమిటో తెలిశాకే కదా ఆ కుర్రాడికి తాడు తట్టింది.

ఆ తాడు విలువెంతో లెక్కేద్దాం. మన డైస్‌కి ఇరవై ముఖాలు. దాని మీద పడిన అంకెకి వాడి బలం వల్ల ఇంకో 3 కలుస్తుందనుకోండి. 15 రావాలంటే డైస్ మీద 12 గాని అంతకన్నా ఎక్కువ గాని పడాలి, అంటే 45 శాతం అవకాశం. రెండు డైస్‌లు వేసి పెద్దది తీసుకుంటే అది దాదాపు 70 శాతానికి వెళ్తుంది. పాత్ర వివరాలు రాసుకున్న షీటు మీద ఒక్క అంకె మారలేదు, వాడి ఆలోచనే వాడిని గట్టెక్కించింది. ఆటలో సరదా అంటే నాకు ఇదే. ఈ అనుభవం ఒకసారి రుచి చూసిన ఆటగాడు షీటు వంక చూడటం మాని సన్నివేశం వంక చూడటం మొదలెడతాడు.

ఓటమి గురించి ఇంకాస్త చెప్పాలి. "రాలేదు, ఏమీ జరగలేదు" అనే ఫలితం ఆటని చంపేస్తుంది, ఎందుకంటే వెంటనే పక్కవాడు "నేనూ వేస్తా" అంటాడు, ఆ తర్వాత ఇంకొకడు. ప్రతి ఓటమికీ ఒక ఖరీదు ఉండాలి. మన ప్రాంతంలో దీనికి తయారుగా ఉన్న కొలబద్ద ధవళేశ్వరం. ఒక కాగితం మీద మూడు గీతలు గీసి 11.75, 13.75, 17.75 అని రాయండి. బ్యారేజీ దగ్గర ఒకటి, రెండు, మూడు ప్రమాద హెచ్చరికలు ఇచ్చే మట్టాలు ఇవి, అడుగుల్లో. కాగితాన్ని అందరికీ కనిపించేలా మధ్యలో పెట్టి, కింద ఒక కొబ్బరి ఈనె ముక్క ఉంచండి. రోల్ తప్పినా, ఆటగాళ్ళు అనవసరంగా కాలయాపన చేసినా ఈనెని పై గీతకి జరపండి. ఏ గీత దగ్గర ఏమవుతుందో కూడా ముందే రాసుకోండి: మొదటి దానికి రేవు మెట్లు మునుగుతాయి, రెండోదానికి కాజ్‌వే మీంచి రాకపోకలు ఆగిపోతాయి, మూడోదానికి పాకలు వదిలి ఏటిగట్టెక్కాలి. కోనసీమలో పెరిగినవాళ్ళకి ఆ అంకెలు వివరించక్కర్లేదు. ఈనె కదిలితే చాలు, అందరూ ముందుకి వంగుతారు.

మరి నియమాలంటే ప్రాణమిచ్చే ఆటగాడి సంగతి? అతన్ని నోరు మూయించకండి. పుస్తకం అంత శ్రద్ధగా చదివినవాడు జట్టుకి ఆస్తి. "నువ్వు వెతుకు బావా, ఈలోగా మేం నడిపిస్తాం. దొరికితే పై వంతు నుంచి అలాగే చేద్దాం" అనండి. ఇచ్చిన తీర్పుని మాత్రం వెనక్కి తిప్పకండి. తీర్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఆట అయ్యాక, టీ తాగుతూ, పుస్తకంతో సరిచూసుకోండి. ఒకే రకం పనికి ఈ వారం 10, పై వారం 20 అంటే అది అన్యాయం. ఆ నోట్‌బుక్ పని అదే.

రెండు చోట్ల మాత్రం ఆట ఆపి పుస్తకం తీయండి. ఒకటి, పాత్ర చచ్చిపోయే పరిస్థితి. నెలల తరబడి పెంచుకున్న పాత్రని ఉజ్జాయింపు మీద చంపకూడదు. రెండు, ఆటగాడు ఏరి కోరి ఎంచుకున్న మంత్రం. దానిలో ఏం రాసుందో చదివే కదా ఎంచుకున్నాడు, ఆ మాట అతనికి దక్కాలి.

ఇంకో మంచి సంగతి. ఐదో కూర్పు మూల నియమాలున్న సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో చెబితే చాలు, కావలసిన ముక్కలు తెలుగులో రాసుకుని పంచుకోవచ్చు. మీ జట్టు రోజూ వాడే నియమాలు ఒక్క పేజీలో తెలుగులో రాసి అందరికీ తలో జిరాక్స్ ఇవ్వండి. ఆ పేజీలో పట్టనిది ఆట మధ్యలో వెతకనక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం. కింది మూడింటికీ రోల్ కావాలా వద్దా, కావాలంటే అంకె ఎంత, తప్పితే ఏమవుతుంది, ఇవి గట్టిగా పైకి చెప్పండి. ఒక్కోదానికి అర నిమిషమే.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళే పంటు మీద దొంగ జనంలో కలిసిపోయాడు. అవతలి ఒడ్డు చేరేలోగా పట్టుకోవాలి.

అర్ధరాత్రి లాకుల దగ్గర కాపలా మనిషిని మాటల్లో పెట్టాలి, ఈలోగా మీవాళ్ళ పడవ చప్పుడు కాకుండా దాటిపోవాలి.

కొబ్బరికాయలు దింపడమే వృత్తిగా ఉన్న పాత్ర, వెన్నెల రాత్రి చెట్టెక్కి తోట అవతల దీపాలు ఎవరివో చూస్తానంటాడు.

మూడింటిలో ఒకదానికి డైస్ అక్కర్లేదు. ఏదో, ఎందుకో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టి, ఆరుగురు బందిపోట్లతో కొట్లాటని అరగంటలో ముగించడం నేర్చుకుందాం.