ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ ప్రాక్టీస్ ఎలా చేయాలి? ‘నాట్ గివెన్’ దగ్గర మార్కులు పోకుండా చదివే పద్ధతి

విదేశాల్లో చదువుకో, వలసకో రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అందులో ప్యాసేజ్ (పాఠం) చదివి జవాబులు రాసే భాగమే రీడింగ్. ఆ రీడింగ్‌లో ఆరు, ఆరున్నర బ్యాండ్ (తొమ్మిదికి ఇచ్చే స్కోరు) దగ్గర ఆగిపోయినవాళ్ల ప్రాక్టీస్ టెస్టులు తీసి చూడండి. తప్పులు చెల్లాచెదురుగా ఉండవు. చాలావరకు ఒక్కచోటే పోగుపడి ఉంటాయి: ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్. ఇచ్చిన వాక్యం ప్యాసేజ్‌తో సరిపోతే ట్రూ, దానికి విరుద్ధమైతే ఫాల్స్, ప్యాసేజ్ ఆ సంగతే చెప్పకపోతే నాట్ గివెన్ అని రాసే ప్రశ్నలివి. అయినా మర్నాడు పొద్దున్నే వాళ్లు చేసే పని ఇంకో వంద ఇంగ్లిష్ మాటలకు అర్థాలు బట్టీ పట్టడం. రోగం ఒకటి, మందు ఇంకొకటి. మాటలు నేర్చుకోవాల్సిందే, దానికీ ఒక పద్ధతి ఉంది, చెబుతాను. కానీ ప్యాసేజ్‌లో ఉన్నదాన్ని ఉన్నంతవరకే చదవడం రాకపోతే ఎన్ని మాటలు వచ్చినా బ్యాండ్ కదలదు.

పరీక్ష కొలతలు

60 నిమిషాలు, 40 ప్రశ్నలు, ప్రశ్నకో మార్కు. మైనస్ మార్కులు లేవు. పరీక్ష రెండు రకాలు: పై చదువులకు అకడమిక్, ఎక్కువగా వలసకు జనరల్ ట్రైనింగ్. అకడమిక్‌లో మూడు పెద్ద ప్యాసేజ్‌లు, మూడూ కలిపి 2,150 నుంచి 2,750 మాటలు. జనరల్ ట్రైనింగ్‌లో మొదటి రెండు భాగాలు ప్రకటనలు, నోటీసులు, ఉద్యోగానికి సంబంధించిన కాగితాల వంటి చిన్న పాఠాలు. మూడో భాగం మాత్రం పెద్ద వ్యాసం. పాఠాలు తేలిక కాబట్టి జనరల్‌లో అదే బ్యాండ్‌కు ఎక్కువ జవాబులు కావాలి. అకడమిక్‌లో 30 సరైతే దాదాపు ఏడు వస్తుంది. జనరల్‌లో అదే 30కి ఆరే. ఏడు కావాలంటే 34 దాకా వెళ్లాలి. కెనడా పీఆర్ కోసం జనరల్ రాస్తూ అకడమిక్ లెక్క చూసుకుని ధీమాగా ఉండేవాళ్లు ఎంతమందో!

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. కేంబ్రిడ్జ్ అచ్చువేసే అసలైన పాత ప్రశ్నపత్రాలు, ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు, టైమర్, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం రాసిన ఇంగ్లిష్–ఇంగ్లిష్ డిక్షనరీ. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్ టెస్టులు మాత్రం ముట్టుకోకండి. మంచి నాట్ గివెన్ ప్రశ్న తయారుచేయడం కష్టమైన పని. ఎవరుపడితే వాళ్లు చేస్తే కీలో ఇచ్చిన జవాబే తప్పుగా ఉంటుంది, ఆ తప్పుడు తర్కమే మీకు అలవాటైపోతుంది. కంప్యూటర్ మీద పరీక్ష రాసేవాళ్లు రెండో నెల నుంచి ప్రాక్టీసు కూడా స్క్రీన్ మీదే చేయాలి.

మాటలు నేర్చుకోవడం

వేల మాటల జాబితాలు అవతల పెట్టండి. అవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో ప్రకటించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ చాలు. యూనివర్సిటీ స్థాయి పాఠాలు, దాదాపు 35 లక్షల మాటల మేర పోగుచేసి, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చేవాటిని 570 కుటుంబాలుగా ఏర్చారు. కుటుంబం అంటే ‘ఎనలైజ్, ఎనాలిసిస్, ఎనలిస్ట్, ఎనలిటికల్’ అన్నీ కలిపి ఒకటి. అందరికీ తెలిసిన తొలి 2,000 సాధారణ మాటలను ఈ జాబితాలో చేర్చలేదు. ఆ పునాదే లేనివాళ్లు ముందు అవి పూర్తిచేసుకుని రావాలి. రోజుకు ఎనిమిది కుటుంబాల చొప్పున చదివితే రెండున్నర నెలల్లో జాబితా అయిపోతుంది. ఎనిమిదికి మించి వద్దు.

నోట్‌బుక్ పేజీని నిలువునా రెండు చేయండి. ఎడమపక్క ఆ మాట కనిపించిన వాక్యం మొత్తం రాయాలి. కుడిపక్క అదే సంగతిని వేరే మాటల్లో మీరే తిరిగి రాయాలి. పరీక్ష అడిగేది సరిగ్గా ఇదే: ప్యాసేజ్‌లో ‘డిక్లైన్డ్ షార్ప్‌లీ’ అని ఉంటే ప్రశ్నలో ‘ఎ స్టీప్ ఫాల్’ అని వస్తుంది. కుడిపక్క గడి ఖాళీగా ఉన్న మాట మీకు రానట్టే. రాసిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవయ్యొకటో రోజు కుడిపక్క అరచెయ్యి అడ్డుపెట్టి చూసుకోండి.

తెలుగు అర్థం అసలు రాయొద్దని కొందరు గట్టిగా చెబుతారు. అది తప్పు సలహా. తెలుగులో చెప్పలేని సంగతి ఇంగ్లిష్‌లోనూ అర్థం కాలేదన్నమాటే. కాకపోతే ఒంటిమాట రాయొద్దు, వాక్యం రాయండి. ‘కన్‌స్ట్రెయిన్’ పక్కన ‘నిర్బంధించు’ అని రాసుకుంటే ప్యాసేజ్‌లో అది ఎక్కడా అతకదు. ‘డబ్బు లేక పని ముందుకు సాగలేదు’ అని రాసుకుంటే అతుకుతుంది.

అసలు ప్రమాదం తెలియని మాటలతో కంటే తెలుసనుకున్న మాటలతో ఎక్కువ. మనం తెలుగులో రోజూ వాడే ఇంగ్లిష్ మాటలకు ఇక్కడ ఒక అర్థం స్థిరపడిపోయింది. ప్యాసేజ్‌లో అవే మాటలకు అర్థం వేరు. ‘కరెంట్’ అంటే మనకు ఇంట్లో పోయి వచ్చేది; ‘కరెంట్ రీసెర్చ్’ అంటే ఇప్పుడు జరుగుతున్న పరిశోధన. ‘ఫంక్షన్’ అంటే మనకు ఓణీల వేడుకో గృహప్రవేశమో. ప్యాసేజ్‌లో అది ఒక వస్తువో అవయవమో చేసే పని. ‘రిమార్క్’ అంటే మనకు ఒక మచ్చ. ‘రిమార్కబుల్’ అంటే మాత్రం మెచ్చుకోదగ్గది. ‘శాంక్షన్’ అంటే మనకు లోను మంజూరు కావడమే. దేశాల మధ్య వ్యవహారంలో అది ఆంక్ష. ‘ఫిగర్’ చాలాచోట్ల అంకె. ‘ఈవెంచువల్లీ’ అంటే చివరికి. ఈవెంట్లతో దానికి పని లేదు. ‘హార్డ్‌లీ’ని కష్టపడి అని చదివితే వాక్యం తలకిందులైపోతుంది, దాని అర్థం దాదాపు లేనట్టే అని. ఇలాంటి మాటలకు నోట్‌బుక్ చివర నాలుగు పేజీలు విడిగా కేటాయించండి. మీ జాబితా మీరే పెంచుకోవాలి.

ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్

ఇక్కడ నిదానంగా చదవండి. ఈ ప్రశ్నల్లో ఇబ్బంది ఇంగ్లిష్‌ది కాదు. నమ్మకం కుదరకపోతే తెలుగులోనే పరీక్షించుకోండి. ఇదిగో ప్యాసేజ్:

‘గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ పనిని ఆర్థర్ కాటన్ నడిపించాడు. ఆనకట్ట వచ్చాక డెల్టాలో వరి సాగు పెరిగింది.’

ఇక ఆరు వాక్యాలు. కింద జవాబులు చూడకుండా ముందు మీరు రాయండి.

1. ఆనకట్ట పని కాటన్ ఆధ్వర్యంలో జరిగింది.
2. ఆనకట్ట కట్టడానికి పదేళ్లకు పైగా పట్టింది.
3. ఆర్థర్ కాటన్ బ్రిటిష్ ఇంజినీరు.
4. 1850 నాటికి ఆనకట్ట ఇంకా పూర్తికాలేదు.
5. ఆనకట్ట వచ్చాక డెల్టాలో వరి మాత్రమే పండించారు.
6. ఆనకట్ట వచ్చాక డెల్టాలో చెరకు కంటే వరి ఎక్కువగా పండింది.

మొదటిది ట్రూ: ‘నడిపించాడు’ అన్నా ‘ఆధ్వర్యంలో’ అన్నా ఒకటే. రెండోది ఫాల్స్: 1847, 1852 అనే అంకెల మీద వేలు పెట్టి ‘ఇదిగో, కాదు’ అని చూపించవచ్చు.

మూడోది నాట్ గివెన్. కాటన్ దొర విగ్రహాలు ఊరూరా చూసినవాళ్ల చెయ్యి ఇక్కడ ట్రూ వైపు దానంతటదే పోతుంది. అయితే అది బయట నుంచి తెచ్చుకున్న జ్ఞానం. ప్యాసేజ్‌లో ఆయన దేశం గురించీ చదువు గురించీ ఒక్క ముక్క లేదు. పరీక్షలో తేనెటీగల మీదో, చాక్లెట్ చరిత్ర మీదో ప్యాసేజ్ వచ్చి, ఆ విషయం మీకు ముందే తెలిసి ఉంటే సంతోషపడకండి, జాగ్రత్తపడండి. బీఎస్సీ, బీటెక్ చదివినవాళ్లు సైన్స్ ప్యాసేజ్‌లో ఇందుకే దెబ్బతింటారు.

నాలుగోది ట్రూ. ‘1850’ అనే అంకె ప్యాసేజ్‌లో లేదు కదా అని దీనికి నాట్ గివెన్ పెట్టేవాళ్లు ఉన్నారు. అది రెండోవైపు పొరపాటు. ఉన్న సమాచారంతో తప్పనిసరిగా తేలేది ఏదైనా ప్యాసేజ్‌లో ఉన్నట్టే లెక్క. 1852లో పూర్తయిన పని 1850కి పూర్తయి ఉండదు, ఇందులో ఊహ ఏమీ లేదు.

ఐదోది, ఆరోది రెండూ నాట్ గివెన్. వరి పెరిగిందని ఉంది. వేరే పంట వేయలేదని లేదు, వేశారనీ లేదు. చెరకు పేరే ఎత్తలేదు. చాలామంది ఐదోదానికి ఫాల్స్ పెడతారు. ‘మాత్రమే’ అన్న మాట చూడగానే తప్పని తేల్చేయమని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. అలాంటి చిట్కాలు పది ప్రశ్నల్లో కొన్నిసార్లు పనిచేసి, మిగతాచోట్ల ముంచుతాయి. ‘మాత్రమే’ అనేది హెచ్చరిక బోర్డు, అంతే. దాన్ని చూసి ఆగాలి, ఆగి ప్యాసేజ్‌ను అడగాలి.

అడగడం ఎలా? వాక్యాన్ని తిరగేయండి. ‘కాటన్ బ్రిటిష్ ఇంజినీరు’ అన్న వాక్యాన్ని ‘కాటన్ బ్రిటిష్ ఇంజినీరు కాదు’ అని మార్చి, రెండింటినీ ప్యాసేజ్ పక్కన పెట్టి చూడండి. ప్యాసేజ్ రెండింటితోనూ గొడవ పడకపోతే నాట్ గివెన్. అసలు వాక్యంతో గొడవపడి, తిరగేసినదాన్ని ఒప్పుకుంటే ఫాల్స్. తిరగేసినదానితో గొడవపడితే ట్రూ. ‘పదేళ్లకు పైగా’, ‘పదేళ్లకు మించలేదు’ అనే రెండింటినీ పెట్టి చూడండి, ప్యాసేజ్ ఒక్కదాన్నే కూర్చోనిస్తుంది. ఏ ప్రశ్నలోనైనా ఈ పరీక్ష నిలబడుతుంది. మొదట్లో ఒక్కో వాక్యానికి మూడు నిమిషాలు పట్టినా నొచ్చుకోకండి, నాలుగు వారాల్లో నిమిషానికి దిగుతుంది.

తిరగేసేముందు వాక్యాన్ని ముక్కలు చేయాలి: ఎవరు, ఏం చేశారు, ఎంత, ఎప్పుడు, ఎందుకు. అన్ని ముక్కలూ సరిపోతేనే ట్రూ. నాలుగు ముక్కలు సరిపోయి ఐదోది ఢీకొంటే ఫాల్స్. ఏదీ ఢీకొనకుండా ఏదో ఒక ముక్కకు ప్యాసేజ్‌లో దిక్కే లేకపోతే నాట్ గివెన్. దిక్కులేకుండా పోయే ముక్క ఎక్కువగా పోలికో, కారణమో అయి ఉంటుంది. ప్యాసేజ్ రెండు సంగతులు పక్కపక్కన చెబుతుంది, ప్రశ్న వాటి మధ్య ‘అందువల్ల’ అని ముడివేస్తుంది. ఆ ముడి ప్యాసేజ్‌లో ఉందా లేదా అన్నదే చూడాలి.

పరిమాణం చెప్పే మాటల మీద తెలుగువాళ్లకు ఒక బలహీనత ఉంది. మనం ‘రైతులు వచ్చారు’, ‘రైతులే వచ్చారు’, ‘రైతులూ వచ్చారు’ అని ఒక్క అక్షరంతో తేడా పట్టేస్తాం. ఇంగ్లిష్‌లో ఆ పని ‘ఓన్లీ’, ‘ఆల్సో’ వంటి విడిమాటలు చేస్తాయి. మన కన్ను వాటిని దాటేసి పెద్ద మాటల దగ్గరే ఆగుతుంది. అందుకే మొదటి నెల పెన్సిలుతో సమ్, మోస్ట్, ఆల్, ఓన్లీ, మే, మస్ట్, రేర్‌లీ లాంటి చిన్న మాటల చుట్టే సున్నా చుట్టాలి. పెద్ద మాటల కింద గీత గీయొద్దు. ‘మోస్ట్’ను ‘ఆల్’గా చదివితే జవాబు మారిపోతుంది, ‘మే’ను ‘విల్’గా చదివినా అంతే.

ఈ జవాబులు ప్యాసేజ్‌లో ప్రశ్నల వరసలోనే దొరుకుతాయి. మూడో ప్రశ్న చోటు, ఐదో ప్రశ్న చోటు దొరికితే నాలుగోది వాటి మధ్యే ఉండాలి. ఆ మధ్యభాగం రెండుసార్లు చదివినా పై పరీక్షకు నిలబడేది ఏదీ కనిపించకపోతే నాట్ గివెన్ పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి. మొత్తం ప్యాసేజ్‌ను మళ్లీ మొదటి నుంచి జల్లెడ పట్టడం సమయాన్ని తగలేయడమే. నాట్ గివెన్ అంటే ప్రశ్నలోని మాటలు ప్యాసేజ్‌లో కనిపించవని కూడా అనుకోకండి. చెరకు సంగతి వేరు. చాలాసార్లు అవే మాటలు అక్కడే ఊరిస్తూ ఉంటాయి. కీవర్డ్ దొరికిందని ట్రూ పెట్టేసేవాళ్ల కోసమే ప్రశ్న తయారుచేసినవాళ్లు వాటిని ఉంచుతారు.

యెస్, నో, నాట్ గివెన్ కూడా ఇదే తర్కం, కాకపోతే అడిగేది రచయిత అభిప్రాయం. ప్యాసేజ్‌లో ఎవరో శాస్త్రవేత్త అన్నమాట రచయిత మాట కాదు. యెస్ అడిగినచోట ట్రూ రాయొద్దు.

మిగతా ప్రశ్నలు, సమయం

పేరాలకు హెడింగ్‌లు జతచేసేవి వస్తే వాటిని ముందు ముగించండి, ప్యాసేజ్ మొత్తం పరిచయమవుతుంది. ఖాళీలు నింపేటప్పుడు ‘రెండు మాటలకు మించకుండా’ అంటే మూడోది రాసిన క్షణమే మార్కు పోయింది. స్పెల్లింగ్ తప్పినా, ఏకవచనం బహువచనం తారుమారైనా అంతే. మాటను ప్యాసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు దించాలి.

మూడు ప్యాసేజ్‌లకూ ఇరవై నిమిషాల చొప్పున పంచేవాళ్లు మూడోదాంట్లో మునిగిపోతారు, ఎందుకంటే కష్టం పెరుగుతూ పోతుంది. 15, 20, 25 అని పంచాలి. జవాబులు దించుకోవడానికి రీడింగ్‌కు అదనపు నిమిషాలు లేవు, అవి ఆ గంటలోనే పూర్తిగా ఎక్కాలి.

వారానికి రెండు పూర్తి టెస్టులు చాలు. రోజుకొకటి రాసేవాళ్లు ఏమీ నేర్చుకోరు, కొలుచుకుంటూ ఉంటారంతే. గంట రాస్తే రెండు గంటలు దిద్దుకోవాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఉన్న వాక్యాన్ని నోట్‌బుక్‌లోకి ఎక్కించి, పక్కన కారణం తెలుగులో రాయండి: మాట తెలియక పోయిందా, చిన్నమాట దాటేశానా, బయటి జ్ఞానం కలిపానా, టైము చాలకా? కీ చూసి ‘అవును కదా’ అనుకుని పేజీ తిప్పేయడం దిద్దుకోవడం కాదు. నాలుగు టెస్టుల తర్వాత ఏ కారణం పక్కన గీతలు ఎక్కువున్నాయో లెక్కపెట్టి, తర్వాతి వారం దానికే ఇవ్వండి. అది ‘మాట తెలియక’ అయితేనే మాటల జాబితా దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

పరీక్షలో చివరి రెండు నిమిషాలు కొత్త ప్రశ్న మొదలుపెట్టకుండా ఖాళీగా మిగిలిన గడులు నింపండి. ట్రూ, ఫాల్స్ గడుల్లో చివరిదాకా తేలనివి మిగిలితే వాటన్నిటికీ ఒకే జవాబు పెట్టండి.